ఎర్దిగ్: అడుగున బొగ్గు, నెత్తిన వాన. ఒక వెల్ష్ జమీందారీ ఇంటి కేస్ స్టడీ

ఉత్తర వేల్స్‌లో రెక్సమ్ పట్టణానికి దక్షిణంగా రెండు మైళ్ల దూరంలో, క్లవెడోగ్ వాగు పక్కన ఎత్తైన గట్టు మీద ఉంది ఎర్దిగ్. వెల్ష్‌లో రెండు 'డి' అక్షరాలు కలిస్తే మెత్తని 'ద' పలుకుతుంది కాబట్టి అక్కడి వాళ్ల నోట ఇది ఎర్దిగ్. ఇటుకతో 1684-87 మధ్య కట్టిన ఇల్లు. 1973 మార్చిలో నేషనల్ ట్రస్ట్ (పాత ఇళ్లను, తోటలను కాపాడే బ్రిటిష్ సంస్థ) చేతికి వచ్చేనాటికి ఒక చివర దాదాపు 5 అడుగులు, రెండో చివర మూడున్నర అడుగులు కిందికి కుంగి ఉంది. కప్పు కారుతోంది. గోడలు బీటలు వారాయి. లోపల సామాను మాత్రం, 1720ల నాటి కుర్చీలు మొదలుకొని వంటింటి గిన్నెల దాకా, దాదాపుగా ఎక్కడిదక్కడే ఉంది.

ఇంత పాడైన ఇంట్లో ఇంత సామాను ఎలా మిగిలింది అన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న. జవాబు యజమానుల చరిత్రలోనే ఉంది. ఎవరి హయాంలో ఇంటి మీద డబ్బు పడింది, ఎవరి హయాంలో పడలేదు అన్నది కాగితాల మీద తేల్చుకోకుండా ఇక్కడ ఏ గోడ పగులునూ సరిగ్గా చదవలేం.

అప్పుతో లేచిన గోడలు

ఇల్లు కట్టించినవాడు జాషువా ఎడిస్‌బరీ, 1682లో డెన్‌బీషైర్‌కు హై షెరీఫ్ అయినవాడు. ఆ హోదాకు తగ్గ ఇల్లు కావాలని 1683లో చెషైర్‌లోని మిడిల్‌విచ్‌కు చెందిన థామస్ వెబ్‌తో ఒప్పందం రాసుకున్నాడు. తొమ్మిది కిటికీల వరస ఉన్న నిలువెత్తు ఇటుక ముఖభాగం ఆ ఒప్పందపు ఫలమే. డబ్బు చాలలేదు. అప్పులు చేశాడు, అవి తీర్చలేక దివాలా తీశాడు.

ఆ అప్పుల కథలో తెలుగువాళ్లకు తెలిసిన పేరొకటి వస్తుంది. ఎలిహు యేల్ కుటుంబం రెక్సమ్ ప్రాంతానిదే. అతను 1672లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరాడు, 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జ్ కోటకు ప్రెసిడెంట్‌గా ఉన్నాడు, చివరికి రెక్సమ్ చర్చి ఆవరణలోనే సమాధి అయ్యాడు. అతని పేరు మీదే అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం ఉంది. ఎడిస్‌బరీకి అతను స్నేహితుడు, అప్పిచ్చినవాడు కూడా. 1682లో మద్రాసు నుంచి అతను పంపిన లక్క తెర ఇప్పటికీ ఎర్దిగ్ రాచపడక గదిలో నిలబడి ఉంది.

దాన్ని కోరమాండల్ తెర అంటారు. చోళమండల తీరంలో తయారైందని ఆ మాటకు అర్థం కాదు. తయారైంది చైనాలో. మన తూర్పు తీరపు రేవుల మీదుగా యూరప్‌కు చేరింది కాబట్టి ఐరోపా వర్తకులు ఆ పేరు తగిలించారు. పాత ఇళ్ల సామాను జాబితా రాసేవాళ్లు ఇక్కడ తరచుగా పొరబడతారు. సరుకు పేరులో ఉన్న ఊరు చాలాసార్లు ఓడ ఎక్కిన ఊరు, చేసిన ఊరు కాదు. తెర తయారీ ఇలా ఉంటుంది: చెక్క మీద మెత్తని పూత, దాని మీద ముదురు లక్క. లక్కను చెక్కి, ఆ గుంటల్లో రంగులు నింపుతారు. చలికాలంలో గదిని వేడి చేస్తే గాలి ఎండిపోతుంది, చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది. పైనున్న పూత కుంచించుకోదు కాబట్టి రెక్కల్లా పైకి లేస్తుంది. ఇలాంటి తెరకు వేడి చేయని గదే మంచిది. ఎర్దిగ్‌లో అది దొరికింది, ఇంటివాళ్ల దగ్గర డబ్బు లేకపోవడం వల్ల.

మెల్లర్ కొన్నవి, యార్క్‌లు పారేయనివి

దివాలా తీసిన ఇంటిని 1710ల మధ్యలో జాన్ మెల్లర్ చేజిక్కించుకున్నాడు. లండన్‌లో చాన్సరీ కోర్టులో మాస్టర్ పదవిలో ఉన్నవాడు. తాకట్లు, అప్పుపత్రాలు ఎలా కొని ఆస్తి రాబట్టాలో అతనికి బాగా తెలుసు. 1720లలో ఇంటికి రెండు వైపులా రెక్కలు కట్టించాడు. లండన్‌లోని మంచి పనివాళ్ల దగ్గర బంగారు, వెండి రేకుల పూత ఉన్న అద్దాలు, బల్లలు, కుర్చీలు చేయించాడు. చైనా ఎంబ్రాయిడరీ పట్టు తెరలతో రాచమంచం తెప్పించాడు. 1726 నాటి సామాను జాబితా ఒకటి మిగిలింది. ఇలాంటి ఇంట్లో పనిచేసేవాళ్లకు ఇంతకంటే విలువైన కాగితం ఉండదు. ఏ గదిలో ఏ రంగు గుడ్డ, ఎన్ని కుర్చీలు అన్నది అందులో ఉంది. గదిలో ఇప్పుడున్న వస్తువును జాబితాతో సరిపోలిస్తే ఏది మొదటి నుంచీ ఉంది, ఏది తర్వాత చేరింది అన్నది తేలిపోతుంది.

మెల్లర్ పెళ్లి చేసుకోలేదు. 1733లో చనిపోయినప్పుడు ఇల్లు మేనల్లుడు సైమన్ యార్క్‌కు వెళ్లింది. అక్కణ్నుంచి 240 ఏళ్లు ఒకే కుటుంబం. ఆ కుటుంబంలో వారసులందరూ ఫిలిప్‌లూ సైమన్‌లే: మొదటి సైమన్ (మరణం 1767), మొదటి ఫిలిప్ (1743-1804), రెండో సైమన్ (1771-1834), మూడో సైమన్ (1811-1894), రెండో ఫిలిప్ (1849-1922), నాలుగో సైమన్ (1903-1966), మూడో ఫిలిప్ (1905-1978). రికార్డు గదిలో ఇది పెద్ద తలనొప్పి. ఒక రసీదు మీద 'సైమన్ యార్క్ గారు' అని మాత్రమే ఉండి తేదీ చిరిగిపోతే 1834 సంవత్సరం సరిహద్దులో అది తండ్రిదో కొడుకుదో తేలదు. అప్పుడు పట్టుకోవలసింది భార్య పేరు, బట్లర్ పేరు, సరుకు అమ్మిన దుకాణం పేరు. మూడింట్లో రెండు సరిపోలితేనే యజమానిని ఖాయం చేయాలి. ఒక్క ఆధారంతో ఖాయం చేస్తే ఒక గది అలంకరణ ముప్పై ఏళ్లు అటో ఇటో జరిగిపోతుంది. ఎస్టేటు కాగితాలు హార్డెన్‌లోని రికార్డు ఆఫీసులో ఉన్నాయి.

ఇంటికి గట్టిగా ఖర్చు పెట్టిన యజమానుల్లో మొదటి ఫిలిప్ ఒకడు. పడమటి గాలివానకు ఇటుక దెబ్బతింటోందని 1772-73లో ఆ ముఖానికి రాతి తొడుగు వేయించాడు. ఉద్యానశిల్పి విలియం ఈమ్స్‌తో పార్కును తీర్చిదిద్దించాడు. వాగు మీద 'కప్పు-సాసర్' అని పిలిచే గుండ్రటి జలపాతం అప్పటిదే. నీళ్లు ఒక గుండ్రటి రాతి పళ్లెంలోకి చేరి, మధ్యలోని తూములోంచి కిందికి దూకి, అడుగున సొరంగంలోంచి బయటికి వస్తాయి.

రాతి తొడుగు గురించి ఒక మాట. పాత ఇటుక గోడకు రాయి తొడిగినప్పుడు రెండు పొరలూ వేరువేరుగా కదులుతాయి. వాటిని పట్టి ఉంచే ఇనుప కొక్కీలు తడికి తుప్పు పడితే ఉబ్బి, రాయిని లోపలి నుంచే పగలగొడతాయి. నేల కుంగిన ఇంట్లో ఇది ఇంకా ప్రమాదం. బయట నుంచి చూస్తే రాయి నిలకడగా కనిపిస్తుంది, వెనకాల ఇటుక ఎటు జరిగిందో తెలియదు. అందుకే ఇలాంటి గోడను లోపలి వైపు నుంచి కూడా కొలవాలి.

బూజులు దులిపే జేన్

ఎర్దిగ్‌కు ప్రపంచంలో పేరు తెచ్చింది యజమానుల బొమ్మలు కావు. మొదటి ఫిలిప్ 1790లలో డెన్‌బీకి చెందిన జాన్ వాల్టర్స్ అనే చిత్రకారుడితో తన ఇంటి పనివాళ్ల చిత్రాలు వేయించాడు. వడ్రంగి, వేటకాపరి, వంటింట్లో బరువులు మోసే మనిషి, ఒక్కొక్కరి పక్కనా వాళ్ల గురించి తనే రాసిన పద్యం. 1793 నాటి చిత్రంలో జేన్ ఎబ్రెల్ 87 ఏళ్ల ముసలావిడ. ఇంట్లో పనిమనిషిగా, బూజులు దులిపే మనిషిగా చేసిందని ఉంది. అంత పెద్ద ఇంట్లో ఎత్తైన కప్పుల కింద బూజు దులపడం ఒక ప్రత్యేక ఉద్యోగం అన్నమాట. తర్వాతి తరాలు ఇదే అలవాటు కొనసాగించాయి, 1850ల నుంచి ఫొటోలతో.

వీటిని సాక్ష్యంగా వాడేటప్పుడు జాగ్రత్త కావాలి. బాకా పట్టుకున్న నల్లజాతి కోచ్‌బాయ్ చిత్రం వీటన్నిటికంటే పాతది, మెల్లర్ కాలపుదని చెబుతారు. దాని మీది పద్యం దశాబ్దాల తర్వాత ఫిలిప్ రాసింది. ఆ కుర్రాడి బతుకు గురించి ఆ పద్యం సాక్ష్యం కాదు, అతని గురించి ఫిలిప్ ఏమనుకున్నాడో దానికి మాత్రమే సాక్ష్యం. అలాగే పనివాళ్లను ఈ ఇల్లు ఎప్పుడూ ఆదరించిందన్న మాట కూడా పూర్తిగా నిలవదు. 1907లో వంటమనిషి-హౌస్‌కీపర్ ఎలెన్ పెంకెత్ మీద 500 పౌండ్ల దొంగతనం కేసు పెట్టారు. రుథిన్ కోర్టులో జ్యూరీ ఆమెను నిర్దోషి అంది. ఆమె చిత్రం గోడ మీద లేదు. గోడ మీద లేనివాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటేనే ఇంటి చరిత్ర పూర్తవుతుంది.

అడుగున ఏం జరిగింది

రెక్సమ్ బొగ్గు గనుల ప్రాంతం. ఎర్దిగ్ కిందికి బర్షమ్ గని తవ్వకాలు వచ్చాయి. ఇంటి కింద బొగ్గును తవ్వకుండా దిమ్మెలా వదిలేస్తే పైన నేల నిలబడుతుంది. బొగ్గు పరిశ్రమ ప్రభుత్వ పరమై, 1947 జనవరి 1న నేషనల్ కోల్ బోర్డు చేతికి వెళ్లాక ఆ కాపు పోయింది. ఇంటి కింద కూడా తవ్వారు.

నేల ఎలా కుంగుతుందో సింగరేణి ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. లాంగ్‌వాల్ పద్ధతిలో, అంటే బొగ్గు పొరను పొడవాటి గోడలా ఒక అంచు నుంచి వరసగా తీసుకుంటూ పోయే పద్ధతిలో, బొగ్గు తీసేశాక వెనక ఖాళీని, అంటే గోఫ్‌ను, పైకప్పు కూలి నిండనిస్తారు. ఆ కూలడం పొరలు పొరలుగా పైకి పాకి ఉపరితలం మీద పళ్లెం లాంటి గుంట పడుతుంది. తవ్విన వెడల్పు లోతుకు సుమారు 1.4 రెట్లు దాటితే గుంట నడుమ పూర్తి కుంగుదల వస్తుంది. అది తీసిన బొగ్గు మందంలో 90 శాతం దాకా ఉండొచ్చని బ్రిటన్ గనుల కొలతలు చెబుతాయి. గుంట ప్రభావం తవ్విన అంచు దగ్గర ఆగదు, నిలువు గీత నుంచి సుమారు 35 డిగ్రీల వాలుతో బయటికి విస్తరిస్తుంది. అంటే 400 మీటర్ల లోతున తవ్వితే అంచుకు 280 మీటర్ల అవతలి ఇల్లు కూడా కదులుతుంది.

ఇల్లంతా సమంగా 5 అడుగులు దిగితే పెద్ద నష్టం లేదు. దెబ్బ తీసేది తేడా. గుంట అంచు మీదున్న గోడ సాగుతుంది, బీటలు విచ్చుకుంటాయి. నడుమకు వచ్చిన గోడ నొక్కుకుపోతుంది, తలుపులు బిగుసుకుంటాయి, నేల పలకలు పైకి లేస్తాయి. తవ్వకం ముందుకు సాగుతుంటే ఒకే గోడ మొదట సాగి, తర్వాత నొక్కుకుంటుంది. విచ్చుకున్న బీటలో గట్టి సిమెంటు కూరితే గోడ మళ్లీ మూసుకునేటప్పుడు ఆ సిమెంటే మేకులా పనిచేసి పక్కన కొత్త బీట తెస్తుంది. ఎర్దిగ్ కూలకుండా నిలిచిందంటే ఆ ఘనత చాలావరకు సున్నానిది. సున్నపు గార మెత్తన. కదలికను అతుకుల్లో పంచుకుని ఇటుకను కాపాడుతుంది.

కప్పు మీద వాలు చచ్చిపోవడం

కుంగుదలకూ వానకూ ఉన్న లంకెను చాలామంది పట్టించుకోరు. ఇలాంటి ఇళ్ల కప్పుల మడతల మధ్య సీసపు రేకు గాడులుంటాయి. వాటికి పెట్టే వాలు చాలా తక్కువ, ఇప్పటి లెక్కలో 80కి 1. ఎర్దిగ్ రెండు చివరల మధ్య తేడా ఒకటిన్నర అడుగు. దాన్ని 50 మీటర్ల పొడవులో పంచి చూడండి, ఇల్లు సుమారు 110కి 1 చొప్పున ఒరుగుతుంది. ఆ ఒరుగుడు గాడి వాలుకు ఎదురైతే మిగిలే వాలు 300కి 1. నీళ్లు పారవు, నిలుస్తాయి. రాలిన ఆకులు, పక్షుల గూళ్లు తోడైతే అంచు దాటి లోపలికి దిగుతాయి. వాలు ఎక్కడికక్కడ సమంగా మారదు కాబట్టి కొన్నిచోట్ల తిరగబడుతుంది కూడా.

సీసం తనంతట తానూ చిట్లుతుంది. ఎండకు సాగి, చలికి ముడుచుకుంటుంది. రేకు ఒక్కో ముక్క సుమారు ఒకటిన్నర మీటరు దాటితే కొన్నేళ్లకు అడ్డంగా పగుళ్లు వస్తాయి. అందుకే గాడిలో మెట్లు మెట్లుగా ముక్కలు వేయాలి. పాత పనివాళ్లు పొడవైన రేకులు వేసి వదిలేసిన చోటే ఎక్కువగా కారుతుంది.

నాలుగో సైమన్ 1922 నుంచి 1966 దాకా 44 ఏళ్లు ఈ ఇంటికి యజమాని. పెళ్లి చేసుకోలేదు, కరెంటు పెట్టించలేదు, ఫోను పెట్టించలేదు. అద్దెలు చాలక, మరమ్మతులు ఆపేసి ఒంటరిగా బతికాడు. ఏదీ అమ్మలేదు. తమ్ముడు మూడో ఫిలిప్ వచ్చేసరికి వాన రాచపడక గదిలోకి దిగింది, కప్పు గార కూలింది, మెల్లర్ తెప్పించిన రాచమంచం తడిసింది. 1968లో ఆ మంచాన్ని లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి పంపారు.

తడిసిన పట్టును చూసేవాళ్లు ఆరబెట్టడానికి తొందరపడతారు. అదే పెద్ద తప్పు. రెండు శతాబ్దాలు వెలుగు సోకిన పట్టు దారం పెళుసుగా ఉంటుంది. తడిసినప్పుడు బరువెక్కి, వేలాడుతున్న చోట తన బరువుకే చిరుగుతుంది. ముందు దాన్ని దింపి, బల్ల మీద పరిచి, కింద ఆధారం ఇవ్వాలి. తర్వాత నెమ్మదిగా, వేడి లేకుండా ఆరనివ్వాలి. ఎంబ్రాయిడరీ రంగులు కారతాయేమో ఒక్కో రంగు దారం దగ్గర దూదితో అద్ది చూశాకే శుభ్రం చేయాలి. చివరికి వెనక రంగు కలిసే కొత్త గుడ్డ పెట్టి, సన్నని దారంతో కుట్టి బలం ఇస్తారు. ఎర్దిగ్ మంచం తిరిగి తన గదికి చేరడానికి 1977 దాకా పట్టింది.

డబ్బు ఎక్కడిది, పని ఏ వరసలో

మూడో ఫిలిప్‌కు వారసులు లేరు. ఇంటిని, ఎస్టేటును ట్రస్టుకు ఇచ్చేటప్పుడు అతని పట్టు ఒక్కటే, సామాను చెదిరిపోకూడదని. కోల్ బోర్డు నష్టపరిహారంగా 1,20,000 పౌండ్లు ఇచ్చింది. అది సరిపోలేదు. పార్కు అంచున 63 ఎకరాలు ఇళ్ల స్థలాలకు అమ్మితే 9,95,000 పౌండ్లు వచ్చాయి. ఆ అమ్మకం చూసి బాధపడేవాళ్లున్నారు. మొత్తం ఎస్టేటు లెక్కలో అది చిన్న ముక్క, దానితో ఇల్లు నిలబడింది. ఈ నిర్ణయం సరైనదే.

పని వరస విషయంలో ఇలాంటి ఇంట్లో మొదటి సూత్రం, నేల కదలిక ఆగిందో లేదో తేల్చుకోవడం. బీటకు అటూ ఇటూ చిన్న ఇత్తడి బొడిపెలు అతికించి వాటి మధ్య దూరాన్ని నెలకోసారి ఒకే వేళకు కొలవాలి. గాజు ముక్క అతికించడం పాత పద్ధతి. అది పగిలితే గోడ కదిలిందని తెలుస్తుంది గానీ ఎంత, ఎటు అన్నది తెలియదు. కనీసం ఒక ఏడాది కొలతలుండాలి. లేకపోతే ఎండాకాలం చలికాలం తేడాను కుంగుదలగా పొరబడతాం.

కొలతలు నడుస్తుండగానే కప్పు పని మొదలవ్వాలి. గోడ ఆగే దాకా ఆగితే లోపల వాసాలు పోతాయి. చెక్కలో తేమ 20 శాతం దాటితే పొడి కుళ్లు తెచ్చే బూజు పట్టడానికి అవకాశం దొరుకుతుంది. ఆ బూజు గోడ గార వెనక దారాల్లా పాకి దూరంలో ఉన్న పొడి చెక్కను కూడా అందుకుంటుంది. కనిపించిన చోట కోసి ఆపితే సరిపోదు, ఆరోగ్యంగా కనిపించే చెక్కలోకి కూడా కొంత మేర కోస్తారు. అన్నిటికంటే ముందు నీళ్ల దారి మూయాలి. మందు కొట్టి నీళ్లు వదిలేసిన ఇళ్లలో బూజు తిరిగొస్తుంది. తర్వాతే పునాదుల బలోపేతం, ఆ తర్వాత గార, చివర్న సామాను.

1977 జూన్ 27న అప్పటి వేల్స్ యువరాజు చార్లెస్ ఇంటిని జనానికి తెరిచారు. బర్షమ్ గని 1986లో మూతపడింది.

లోపల ఎంత ముట్టుకోవాలి

ట్రస్టు తీసుకున్న నిర్ణయాల్లో మెచ్చుకోదగ్గది సందర్శకుల దారి. సింహద్వారం నుంచి కాకుండా వడ్రంగి కొట్టం, కమ్మరి కొలిమి, చాకిరేవు గది, రొట్టెల పొయ్యి, వంటిల్లు మీదుగా లోపలికి తీసుకెళ్తారు. యజమానుల బంగారు పూత అద్దాలు ఆ తర్వాత కనిపిస్తాయి. పనివాళ్ల చిత్రాలున్న ఇంట్లో అదే న్యాయమైన వరస.

తోట విషయంలో కాగితం అక్కరకొచ్చింది. థామస్ బాడెస్లేడ్ 1739లో గీసిన చిత్రంలో గోడల మధ్య తిన్నని దారులు, పొడవైన కాలువ ఉన్నాయి. 1973 నాటికి అంతా పొదలు. ఆ చిత్రాన్ని దగ్గర పెట్టుకుని తోటను తిరిగి నిలబెట్టారు. చెక్కిన చిత్రాన్ని కొలతగా వాడేటప్పుడు ఒక పరీక్ష పెట్టాలి. ఆనాటి చిత్రకారులు యజమాని మెప్పు కోసం ఇంకా నాటని చెట్లను కూడా గీసేవారు. నేల తవ్వి పాత దారి కంకర, గోడ పునాది దొరికిన చోటే చిత్రాన్ని నమ్మాలి.

గదుల్లో చాలావాటికి ఇప్పటికీ కరెంటు దీపాలు లేవు. నాలుగో సైమన్ పెట్టించలేదు, తర్వాత ట్రస్టూ పెట్టలేదు. తీగల కోసం 18వ శతాబ్దపు గార, చేత్తో రంగులేసిన చైనా గోడ కాగితం గీరాల్సిన అవసరం తప్పింది. పట్టుకూ నీటిరంగులకూ 50 లక్స్ వెలుగు మించకూడదు, కిటికీ పక్కన మామూలు పగటి వెలుగు దానికి ఎన్నో రెట్లు. అందుకే తెరలను గంట గంటకూ సర్దుతారు. గాలిలో తేమను 50-65 శాతం మధ్య ఉంచుతారు. మబ్బు పట్టిన రోజు పనివాళ్ల హాల్లో జేన్ ఎబ్రెల్ ముఖం సరిగ్గా కనిపించదు. చిత్రాలు బాగా చూడాలనుకునేవాళ్లు మబ్బు లేని రోజున, ఎండ బాగా ఉండగా వెళ్లాలి.